రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు

విద్యా సంవత్సరం ముగిసే రోజులొస్తే మన విశాఖలో ఒక నష్టం చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. గాజువాకలో, గోపాలపట్నంలో, మధురవాడలో ఎందరో టీచరమ్మలు, మహిళా లెక్చరర్లు ఉద్యోగం మానేస్తామని కాగితం రాసి ఇచ్చేస్తారు. ఒకరికి పెళ్లి కుదిరింది. ఒకరికి ఏడో నెల. ఇంకొకరి ఇంట్లో బాబును చూసుకునే మనిషి లేదు. ఎవరిని అడిగినా, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక మళ్లీ చేరతామంటారు. ఆ చేరడం చాలామందికి జరగదు. చేరినా మళ్లీ మొదటి జీతం, మొదటి మెట్టు.

అమ్మా, ఆ కాగితం ఇచ్చే ముందు ఆగండి. ఈ నష్టం తప్పించుకోగలిగినది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చదువుల రంగంలో ఆడవాళ్లకు లోటేమీ లేదని అందరూ అనుకుంటారు. బడుల వరకు చూస్తే నిజమే. దేశంలోని టీచర్లలో ఇప్పుడు సగానికి పైగా మహిళలే. పైకి వెళ్లి చూడండి. కేంద్ర విద్యాశాఖ 2021-22 సర్వే ప్రకారం ఉన్నత విద్యాసంస్థల్లో వంద మంది పురుష అధ్యాపకులకు మహిళలు 77 మందే. ప్రొఫెసర్ స్థాయికి వచ్చేసరికి వాళ్ల వాటా ఇంకా పడిపోతుంది. వాళ్లు మధ్యలో రాలిపోయింది తెలివి చాలక కాదు. నాలుగు మలుపుల దగ్గర రాలిపోకుండా వాళ్లను ఎవరూ ఆపలేదు.

మొదటి మలుపు ఇంటర్ అయ్యాక. ‘ఆడపిల్లకి టీచరుద్యోగం మంచిది, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది’ అంటారు పెద్దలు. ప్రేమతోనే అంటారు. కానీ ఇంటి పనికి అడ్డు రాదని ఎంచిన ఉద్యోగాన్ని, ఇంటికి అవసరం పడ్డ రోజున ముందుగా వదిలిస్తారు. ఆ మలుపు దాకా రానివాళ్లూ ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినట్టు తేలింది. మీ అమ్మాయి బాగా చదువుతుంటే ఆమెకు ఏది ఇష్టమో ముందు అడగండి. బోధన మీద మనసుంటే సంతోషం. అప్పుడు దాన్ని జీవితకాలపు వృత్తిగా చూడండి.

రెండో మలుపు పెళ్లి. పీహెచ్‌డీలో చేరిన అమ్మాయి గైడును కలవడం తగ్గిస్తుంది. ప్రోగ్రెస్ రిపోర్టు ఆలస్యమవుతుంది. ఫీజు కట్టడం మరిచిపోతుంది. ఇవి ప్రమాద సూచనలు, గమనించండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలన్నా, ప్రిన్సిపాల్ కావాలన్నా ఆ పట్టా ఉండాల్సిందే. అది సగంలో ఆగితే ముందున్న తలుపులన్నీ మూసుకుంటాయి. అదే యూజీసీ 2022లో ఇచ్చిన వెసులుబాటు చాలామందికి తెలియదు. మామూలు గడువు ఆరేళ్లు, మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు. ప్రసూతికో పిల్లల పెంపకానికో 240 రోజుల సెలవు. పెళ్లయి వేరే ఊరు వెళ్తే పరిశోధన సమాచారాన్ని అక్కడి సంస్థకు మార్చుకునే వీలూ ఉంది. సంబంధం ఖాయం చేసుకునే రోజునే ఈ మాటలన్నీ రెండు కుటుంబాల మధ్య నడవాలి.

మూడో మలుపు కడుపుతో ఉన్నప్పుడు. ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు. ‘మీకూ ఇబ్బంది, మాకూ ఇబ్బంది, మానేసి తర్వాత రండి’ అని మెత్తగా చెబుతారు. వినకండి. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో, ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల చొప్పున జీతంతో సెలవు మీ హక్కు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ఇది వచ్చింది. ఆ సెలవులో ఉన్న మనిషిని తీసేయడం చట్టవిరుద్ధం. మీరే రాజీనామా రాసిస్తే మాత్రం ఆ రక్షణ మీ చేతులారా వదులుకున్నట్టే. రాయాల్సింది సెలవు చీటీ. దాని నకలు మీద తేదీ, సంతకం వేయించుకోండి.

ఇంకొన్ని జాగ్రత్తలు. తేదీ వేయని కాగితం మీద ఎప్పుడూ సంతకం పెట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి, ఎవరి బీరువాలోనూ ఉంచకండి. మానేసిన వెంటనే పీఎఫ్ డబ్బు తీసేయకండి. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి, పింఛను సొమ్ము కూడా తీసేస్తే ఆ లెక్క తెగిపోతుంది. ప్రైవేటు బడి టీచర్లకూ గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. నాలుగేళ్లు చేసి వదిలేసే ముందు, ఇంకెన్నాళ్లు చేస్తే అది దక్కుతుందో చూసుకోండి.

నాలుగో మలుపు పదోన్నతి. హెచ్‌ఎంగానో హెడ్‌గానో ప్రిన్సిపాల్‌గానో అవకాశం వస్తే ‘నాకెందుకులెండి’ అని తప్పుకుంటారు. భర్తది స్టీలు ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టు డ్యూటీ. నైట్ చేసొచ్చి ఆయన పడుకోవాలి, పిల్లలను బడికి పంపాలి, వంట కావాలి. షిఫ్టు మారినప్పుడల్లా సర్దుకునేది ఆమె ఒక్కతే అయితే ఆ కుర్చీ ఎన్నటికీ ఆమెది కాదు. నైట్ చేసినవాళ్లకు విశ్రాంతి కావాలి, కాదనను. సెలవు రోజునో జనరల్ షిఫ్టు వారంలోనో ఇంటి బాధ్యత పంచుకోవచ్చు కదా, అన్నా?

మరో ప్రమాద సూచన. చురుగ్గా తిరిగే అమ్మాయి ఉన్నట్టుండి గైడును మార్చుకుంటానంటే, కాలేజీకి వెళ్లనని మొండికేస్తే, బద్ధకమనుకోకండి. వేధింపు ఉందేమో మెల్లగా అడగండి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. విద్యార్థినులకూ ఆ రక్షణ వర్తించేలా యూజీసీ 2015లో నిబంధనలు తెచ్చింది. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది.

ఇదంతా ఆడవాళ్ల గొడవ అనుకునేవారికి ఒక మాట. ఉక్కు నగరం ఒక్క జీతం మీద నిశ్చింతగా బతికిన రోజులు పోయాయి. 2021 జనవరిలో ప్లాంటు ప్రైవేటీకరణ నిర్ణయం వెలువడింది. 2024లో జీతాలు ఆలస్యమయ్యాయి. 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. ఇలాంటి కాలంలో ఇంట్లో రెండో జీతాన్ని మన చేతులతోనే ఆపేసుకోవడం అపాయం. రేపు భర్త ఉద్యోగానికి ఇబ్బంది వస్తే, పదేళ్ల కిందట మానేసిన ఆమె ఏ జీతానికి దొరికితే ఆ జీతానికి చేరాలి.

ఏర్పాటు మారితే దారి తెరుచుకుంటుందనడానికి సాక్ష్యం ఈ ఊళ్లోనే ఉంది. ఎనిమిదేళ్లకే పెళ్లయిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆ బంధం దాటి, రాజనీతి శాస్త్రం చదవాలని 1930లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, సీటెలా ఇస్తామని వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి సందేహించారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలనుకునే అమ్మాయిలను కూడగట్టి, హాస్టల్ వచ్చేలా చేశారు. ఆ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1958లో మహిళా విద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షురాలయ్యారు. ఆనాడు అడ్డం వచ్చింది ఒక వసతి లేకపోవడం. ఈనాటి అడ్డంకులూ అలాంటివే.

కళాశాలల యాజమాన్యాలను, 1926లో పుట్టి నూరేళ్లకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను. యాభై మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం చట్టం చెప్పిన ఏర్పాటే, దాన్ని నడిపించండి. సమావేశాలు సాయంత్రం ఆరు దాటాక పెట్టకండి. కొన్నేళ్ల విరామం తర్వాత వచ్చిన మహిళ పాత సర్వీసును లెక్కలోకి తీసుకోండి.

ఇక మీరు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈ ఏడాది మానేద్దామనుకుంటున్న టీచరు ఉంటే, ఈ వారమే ఆమెతో కూర్చోండి. సెలవెంత ఉందో, పిల్లవాణ్ని ఎవరు ఏ పూట చూస్తారో కాగితం మీద రాసుకోండి. యాజమాన్యం ఒత్తిడి చేస్తుంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అవన్నీ చూశాక కూడా మానేయాలని ఆమే కోరుకుంటే అది ఆమె ఇష్టం. అవేవీ చూడకుండా మాత్రం ఆమెను సంతకం పెట్టనివ్వకండి.