మన డాక్టరు గారికి తోడెవరు?

కుందలహళ్ళిలో తరతరములుగా కాపురమున్న మనవారిలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినను మొదట తొక్కునది పెద్ద ఆసుపత్రి గడప కాదు. వీధి చివరనున్న చిన్న డాక్టరు గారి గడపయే. మన ముసలమ్మ "గుండె దడగా ఉంది నాయనా" అనినచో, అది గుండెజబ్బో, మనోవ్యాధియో, ఉత్త నిద్రలేమియో అయిదు నిమిషములలో ఆయన తేల్చవలెను. పెద్ద ఆసుపత్రి వైద్యునకు సందేహము కలిగినచో ప్రక్క గదిలో మరియొకరు గలరు. ఈయన ఎవరినడుగును? మందుల కంపెనీ ప్రతినిధినా?

2023 ఫిబ్రవరిలో బెంగళూరున ఒక్కమారుగా 108 నమ్మ క్లినిక్కులు తెరచిరి. సంతోషమే. కాని ఒక్కొక్క దానికి ఒక్క వైద్యుడే. గదులు పెరిగినవి, ఒంటరితనము తగ్గలేదు.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున 1990 దశకములో దీనికొక ఉపాయము రూపొందెను. ఒక ప్రాంతపు వైద్యులు కొద్దిమంది కలిసి కూర్చుందురు. వారిలోనే శిక్షణ పొందిన ఒకరు చర్చ నడుపుదురు. ఎదుట ఒక రోగి కథ, దానిపై పరిశోధనల సారము. ఉపన్యాసము లేదు. రేపటినుండి మన చికిత్సలో ఏమి మార్చుకొందుము అన్నదే ప్రశ్న.

దీనికి దగ్గరి చుట్టము 'ఎకో' పద్ధతి. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టరు సంజీవ్ అరోరా దూరప్రాంత వైద్యులను తెరపై నిపుణులతో కలిపి, హెపటైటిస్-సి రోగులను గూర్చి చర్చింపజేసెను. 2011లో వెలువడిన ఫలితములు చూడుడు: విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో వ్యాధి నయమైనవారు 57.5 శాతము, ఈ చిన్న వైద్యుల చేతిలో 58.2 శాతము! మన నగరపు నిమ్హాన్స్ సంస్థయు మానసిక వ్యాధుల, వ్యసనముల చికిత్స నేర్పుటకు ఈ పద్ధతిని చేపట్టినది.

పదిమంది చేరి ఒకే పొరపాటును బలపరచుకొనరా అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే, అందుకే అచ్చులో నున్న ఆధారము ఎదుట నుండవలెను. నా భయము వేరు. మనవంటి చోట రోగి పేరు చెప్పనక్కరలేదు. వయస్సు, వీధి చెప్పిన చాలును, ఎవరింటి కోడలో తెలిసిపోవును. ఆ కట్టుబాటును వైద్యులు మొదటినాడే చేసికొనవలెను.

మన సంఘము చేయగలిగినది స్వల్పమే: నెలకొక సాయంకాలము ఒక గది, పది కుర్చీలు, కాఫీ. లోపల మన పెద్దలెవ్వరును కూర్చుండరాదు, ఉపన్యాసమసలే ఈయరాదు. ఆ సాయంకాలము డాక్టరు గారి తలుపు మూసియుండును. మనవారు సణుగుదురు. నేనును సణుగుదునేమో.