టీషర్టు మీద ఎనభై గీతలు

నా బీరువాలో ఓ నల్ల టీషర్టు ఉంది. ఉతికి ఉతికి బూడిద రంగుకొచ్చేసింది. ఇల్లు సర్దినప్పుడల్లా అమ్మ దాన్ని తుడుపుగుడ్డల్లో పడేస్తుంది, నేను మళ్ళీ తీసి దాచుకుంటాను. దాని మీద తెల్ల గీతలు, కొండల వరసలాగా. ఇంగ్లండు బ్యాండు జాయ్ డివిజన్ 1979లో తెచ్చిన 'అన్‌నోన్ ప్లెజర్స్' ఆల్బం అట్ట మీది బొమ్మ అది.

ఇంజనీరింగు మూడో ఏడులో నేనే వేసుకున్నా. అసలుది కొనే స్తోమత లేదు మరి. సాదా టీషర్టు మీద అమ్మ ఎంబ్రాయిడరీకి వాడే పసుపు కార్బన్ పేపరు పెట్టి అచ్చు దించి, ఫ్యాబ్రిక్ పెయింటుతో దిద్దాను. నలుపు మీద తెలుపు ఒక్క పూతకి ఆనదు, రెండోసారి వేయాల్సిందే. ఎనభై గీతలుండాలి. నలభై రెండు దగ్గర మెడ పట్టేసి ఆపేశాను. అయినా హాస్టల్లో నాకంటే పెద్ద అభిమాని లేడన్నంత పొగరు :)

ఆ పొగరుతోనే ఓ వెధవ పని చేశాను. ఒక జూనియర్ కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న నిర్వాణా టీషర్టు వేసుకుని మెస్‌కి వచ్చాడు. "వాళ్ళ పాటలు మూడు చెప్పు చూద్దాం" అన్నాను, అందరి ముందూ. "బొమ్మ బాగుందని కొన్నానన్నా" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. మళ్ళీ ఆ టీషర్టు వాడి ఒంటి మీద చూడలేదు.

ఆ తర్వాతెప్పుడో నా బొమ్మ కథ చదివాను. అది 1967లో జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని కనిపెట్టిన పల్సార్ నుంచి వచ్చిన రేడియో సంకేతాల గ్రాఫు. హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఆయన 1970లో తన పీహెచ్‌డీ థీసిస్ కోసం గీయించాడు. అది ఖగోళశాస్త్ర విజ్ఞానసర్వస్వంలోకి ఎక్కింది, అక్కణ్ణుంచి బ్యాండు చేతిలో పడింది. డిజైనర్ పీటర్ సావిల్ తెలుపు మీది నల్ల గీతల్ని నలుపు మీద తెల్లగా తిప్పేశాడు. అట్ట ముందువైపు బ్యాండు పేరు కూడా వేయలేదు. అంటే వాళ్ళూ బొమ్మ బాగుందనే తీసుకున్నారు! పల్సార్ల గురించి మూడు ముక్కలు చెప్పమని వాళ్ళనెవరూ నిలదీయలేదు కదా.

అలాగని అన్నీ ఒకటే అనను. 2012లో డిస్నీ ఆ గీతల్ని మిక్కీమౌస్ ఆకారంలో పేర్చి టీషర్టులు అమ్మింది, గోల కావడంతో వెనక్కి తీసుకుంది. అంత డబ్బున్న కంపెనీ చేసిందీ, హాస్టల్ గదిలో కుర్రాడు బ్రష్షు పట్టుకుని చేసిందీ ఒకటెలా అవుతాయి? ఫుట్‌పాత్ సరుకు వల్ల బ్యాండుకి పైసా రాదన్నదీ నిజమే. కచేరీల మీదా, టీషర్టుల మీదా బతికే చిన్న బ్యాండయితే డబ్బిచ్చి వాళ్ళ దగ్గరే కొనాలి. ఇప్పుడు జీతం వస్తోంది కాబట్టి నేను అలాగే కొంటున్నా. కానీ ఆ లెక్క అమ్మేవాళ్ళతో తేల్చుకోవాలి, వేసుకున్న పిల్లాణ్ణి మెస్‌లో నిలబెట్టి కాదు.

నిజానికి నేనూ ముందు బొమ్మే చూశాను, పాటలు తర్వాత విన్నాను. ఆ రోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పాట వినిపించి ఉంటే ఇంకో అభిమాని తయారయ్యేవాడేమో. ఆ ఛాన్సు నేనే పోగొట్టాను.

టీషర్టు మాత్రం గుడ్డల్లో వేయనివ్వను. మిగిలిన ముప్ఫై ఎనిమిది గీతలు వేద్దామని పెయింటు కూడా తెచ్చాను గానీ, ఇంకా మూత తీయలేదు.