సైతాను ఎందుకు పడ్డాడు?

రాయచూరు తాలూకా చంద్రబండ ప్రాంతం 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో వున్న సీమ. తెలుగూ కన్నడమూ ఉర్దూ యిక్కడ కలిసే వినబడతాయి. అల్లరి పిల్లవాణ్ణి ఏ మతపు తల్లి అయినా "సైతానుగాడా!" అని కసరడం మామూలే. మాట ఒకటే గాని, ఆ సైతాను కథ మాత్రం అందరికీ ఒకటి కాదు.

ఖురాను ప్రకారం ఇబ్లీసు నిప్పుతో పుట్టిన జిన్ను. మట్టితో చేసిన ఆదాముకు సాగిలపడమని దేవుడు ఆజ్ఞాపిస్తే, తాను అతనికంటె మేలైనవాణ్ణని నిరాకరించాడు. అందుకు వెళ్ళగొట్టబడ్డాడు; తీర్పుదినం దాకా గడువు మాత్రం పొందాడు. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ హల్లాజు వేరుగా తలపోశాడు: దేవునికి తప్ప మరొకరికి మొక్కనన్నవాడు ఏకేశ్వర భక్తుడే గదా అని. పండితులలో ఎక్కువమంది దీనిని ఒప్పుకోలేదు.

క్రైస్తవులకు అతడు గర్వించి పడిన దేవదూత. యెషయా గ్రంథం 14వ అధ్యాయంలో ఆకాశంనుండి పడిన వేకువచుక్క నిజానికి బబులోను రాజుపై ఎత్తిపొడుపు. తరువాతి క్రైస్తవాచార్యులు దానిని సాతానుకు అన్వయించారు. యూదుల ప్రధాన సంప్రదాయంలో అతడు పడనే లేదు. యోబు గ్రంథంలో అతడు దేవుని కొలువులో మనుష్యులపై నేరం మోపేవాడు. తెలుగు బైబిలు అతణ్ణి 'అపవాది' అంటుంది. ఆ పాత ఉద్యోగం ఆ మాటలో యింకా మిగిలే వుంది.

మన పురాణాల్లో యిలాటి సైతాను ఒకడంటూ లేడు. దగ్గరి కథ జయవిజయులది. వైకుంఠ ద్వారపాలకులై వుండి సనకాదులను అడ్డగించారు. శాపం పొంది, మూడు జన్మలు హరికి శత్రువులై పుట్టి, తిరిగి స్వామి చెంతకే చేరారు.

అసలు భేదం యిక్కడే వున్నది. పడినవాడికి తిరుగుదారి వుందా? ఇస్లాంలోనూ క్రైస్తవంలోనూ ప్రధాన సంప్రదాయం సైతానుకు లేదంటుంది. పశ్చాత్తాపపడే మనిషికి వుందంటుంది. భాగవతం పడిన ద్వారపాలకులకే వుందంటుంది.

అన్నీ ఒకటేనని మేము చెప్పబోము. అలా అంటే ఎవరి కథనూ సరిగా విననట్టే. కాని పడినవారంతా కొలువుకు దగ్గరివారేనని గమనించాలి. గుమాస్తాలమైన మాకు యిది సులభంగానే బోధపడుతుంది: దొరకంటె దొర వాకిటి జవానుకే బిగువెక్కువ! నిత్యం పూజో నమాజో ప్రార్థనో చేసే మనం, పొరుగువాణ్ణి సైతాను అనబోయే ముందు, యీ కథలు ఎవరిని హెచ్చరిస్తున్నాయో ఒక్క క్షణం ఆలోచించుకోవాలి.