కంప్యూటర్ శీర్షిక: దూరం నుంచి ఇంటి కంప్యూటరును పిలిచినప్పుడు

మన ఉద్యోగులలో చాలామందికి బదిలీలు, డెప్యుటేషన్లు, ప్రాజెక్టు స్థలాలలో నెలల తరబడి నివాసం తప్పవు. క్వార్టర్సులోని కంప్యూటరులో పిల్లల చదువు పత్రాలు, ఇంటి లెక్కలు, కుటుంబ ఛాయాచిత్రాలు ఉండిపోతాయి. లినక్స్‌తో నడిచే అటువంటి కంప్యూటరు తెరను దూరాన ఉన్న ల్యాప్‌టాప్‌పై తెరచుకునే సౌకర్యమే రిమోట్ డెస్క్‌టాప్. అది మొరాయించిన రోజున ఇంట్లోవారికి ఫోనులో సూచనలు చెప్పడం ఇరువైపులవారి సహనానికీ పరీక్షే. అటువంటి వేళ ఏ క్రమంలో దోషాన్ని వెదకాలో ఈ నెల వివరించదలిచాము.

ముందుగా తెరపై వచ్చిన సందేశాన్ని శ్రద్ధగా చదవాలి. అనుసంధానం ఏ తీరున విఫలమైనదో తెలిస్తే, దోషం ఎక్కడ ఉన్నదో చాలావరకు తెలిసినట్లే.

చాలాసేపు నిరీక్షించిన మీదట ‘టైమ్డ్ అవుట్’ అని వస్తే, మన పిలుపుకు బదులే రాలేదని అర్థం. కంప్యూటరు ఆగిపోయి ఉండవచ్చు, నిద్రావస్థలో ఉండవచ్చు, దాని చిరునామా మారి ఉండవచ్చు, లేదా ఫైర్‌వాల్ అడ్డగించి ఉండవచ్చు. కరెంటు పోయి వచ్చిన తరువాత చాలా కంప్యూటర్లు తమంతట తాము మొదలు కావు. బయాస్‌లో ఆ ఏర్పాటు ముందే చేసుకోవాలి. అట్లే రూటరులో ఆ కంప్యూటరుకు ఒక స్థిరమైన చిరునామాను కేటాయించి ఉంచడం మేలు.

వెంటనే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వస్తే నిరుత్సాహపడనక్కరలేదు. సాధారణంగా దీని అర్థం, పిలుపు కంప్యూటరు దాకా చేరింది గాని ఆ పోర్టు వద్ద బదులు పలికే ప్రోగ్రాము నడవడం లేదని. ఎక్స్‌ఆర్‌డీపీకి 3389, వీఎన్‌సీలో ఒకటవ తెరకు 5901 వాడుకలో ఉన్న పోర్టులు. ఆ ప్రోగ్రామును తిరిగి ప్రారంభించి, కంప్యూటరు మొదలైన ప్రతిసారీ అదీ మొదలయ్యేలా అమర్చాలి.

పాస్‌వర్డు ఇచ్చిన తరువాత నల్లని తెర మాత్రమే కనిపిస్తే, నెట్‌వర్కును నిందించి ప్రయోజనం లేదు. ఎక్స్‌ఆర్‌డీపీ వాడేవారికి తరచు ఎదురయ్యే కారణం, అదే యూజరు పేరుతో ఇంటి తెరపై అప్పటికే మరొకరు పనిచేస్తుండడం. ఇంట్లోవారు లాగవుట్ చేస్తే తెర వచ్చే అవకాశం ఉంది.

ఇంట్లో చక్కగా పనిచేసి, ఊరు దాటగానే పనిచేయకపోతే కారణం వేరు. ఇంటర్నెట్ సంస్థలు పెక్కు ఇళ్ళకు కలిపి ఒకే బయటి చిరునామాను వాడడం కద్దు. ఇందుకై 2012లో ప్రత్యేకంగా ఒక చిరునామాల వరుసను కేటాయించారు. రూటరు చూపే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీ ఇల్లు ఆ పద్ధతిలో ఉన్నట్లే. అప్పుడు రూటరులో పోర్టు తెరచినా ఫలితం ఉండదు.

చిరునామా ప్రత్యేకంగా ఉన్నవారు సైతం 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవరాదని మా గట్టి మనవి. తెరచి ఉన్న పోర్టులను వెదకి, పాస్‌వర్డులను ఒకదాని వెంట ఒకటి ప్రయత్నించే యంత్రాలు రేయింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. వాటికి లోపల దారి దొరికితే బ్యాంకు వివరాలు మొదలు పిల్లల ఫోటోల వరకు పరుల పాలవుతాయి. 1995లో ఫిన్లాండ్‌లో రూపొందిన ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా గాని, 2020లో లినక్స్ కెర్నల్‌లో చేరిన వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ ద్వారా గాని సురక్షితమైన మార్గం ఏర్పరచుకుని, రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆ మార్గం గుండానే నడపాలి. ఉమ్మడి చిరునామా గలవారికి టెయిల్‌స్కేల్ వంటి సేవలు ఉపకరిస్తాయి. కార్యాలయపు కంప్యూటరు నుంచి ఇంటికి ఇటువంటి అనుసంధానం చేయదలచినవారు సంబంధిత విభాగం అనుమతి విధిగా పొందాలి.

ప్రయాణానికి ముందే ఒక పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్‌ను ఇంటి వైఫై నుంచి తప్పించి, ఫోనులోని మొబైల్ డేటాతో కలిపి ప్రయత్నించండి. బయటి దారి సరిగా ఉన్నదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది. కంప్యూటరును ఆన్ చేసే విధానం, లాగవుట్ చేసే విధానం ఒక కాగితంపై తెలుగులో వ్రాసి దాని ప్రక్కనే అంటించండి. పాస్‌వర్డు మాత్రం ఆ కాగితంపై వ్రాయకండి.