మొక్కతో ఫొటో కాదు, కుందూ లెక్క చెప్పండి!

మున్సిపల్ ఓట్లు వస్తున్నాయంటే చాలు, మన కౌన్సిలర్లకు చెట్టూ చేమా గుర్తొస్తాయి. పదవిలో ఉన్నన్నాళ్లూ వార్డు మురుగు ఎటు పారుతోందో తిరిగి చూడని పెద్దమనిషి కూడా కరపత్రం అచ్చయ్యేసరికి పర్యావరణ ప్రేమికుడైపోతాడు. ముందు పేజీలో మొక్క నాటుతున్న ఫొటో. లోపల చీపురు పట్టిన ఫొటో. వెనక చలివేంద్రం, మెడికల్ క్యాంపు, చవితికి మట్టి వినాయకులు, రంజాన్‌కు తోఫా. అడుగున ఒక ముక్క: మీ సేవకుణ్ణి మరోసారి ఆశీర్వదించండి!

నంద్యాలలో ఇదే తంతు. ఆళ్లగడ్డలోనూ ఇదే తంతు. పార్టీ ఏదైనా కరపత్రం ఒక్కటే, కండువా రంగు ఒక్కటే తేడా.

మేం మొక్కకు వ్యతిరేకం కాదు, చలివేంద్రానికి అసలే కాదు. మండుటెండలో ఒక గుక్కెడు నీళ్లు పోసిన చెయ్యి ఎవరిదైనా దానికి దండం పెడతాం. మా ప్రశ్న ఒక్కటే. మొక్క నాటడానికి కౌన్సిలర్ పదవి ఎందుకు? ఆ పని ఎన్ఎస్ఎస్ పిల్లలు చేస్తున్నారు. చలివేంద్రం కిరాణా కొట్టు శెట్టి పెడుతున్నాడు. కౌన్సిల్ హాల్లో చెయ్యెత్తితే తప్ప జరగని పనులు కొన్ని ఉన్నాయి. వాటి లెక్క కరపత్రంలో ఏ పేజీలో ఉంది?

ఢిల్లీ జాబితాకెక్కిన కుందూ

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని మురికి నదుల జాబితా బయటపెట్టింది. మొత్తం 351 చోట్ల నదులు పాడయ్యాయని తేల్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి అందులో ఐదు పేర్లు. గోదావరి, కృష్ణ, నాగావళి, తుంగభద్ర... వాటి పక్కన మన కుందూ! నంద్యాల నుంచి మద్దూరు దాకా అని ఊరి పేరుతో సహా రాశారు.

నీళ్లలో కుళ్లు ఎంతుందో కొలిచే లెక్కను బీఓడీ అంటారు. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు స్నానానికి కూడా పనికిరావని అర్థం. ఆ గీత దాటిన నదులనే జాబితాలో పెట్టారు. అదే ఏడాది సెప్టెంబర్ 20న జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలన్నింటికీ ఆదేశాలిచ్చింది. రెండు నెలల్లో ప్రణాళిక రాయండి, ఆరు నెలల్లో కనీసం స్నానానికి పనికొచ్చేటట్టు నీళ్లు బాగుచేయండి అన్నది.

ఆ ఆరు నెలలు ఎప్పుడో గడిచిపోయాయి. ఆనాటి కౌన్సిల్ పోయింది, ప్రత్యేకాధికారులు వచ్చారు, పోయారు. 2021 మార్చి 10న పోలింగ్ జరిగి కొత్త కౌన్సిల్ వచ్చింది. దాని ఐదేళ్ల గడువు 2026 మార్చికి లెక్క. ఇంతమంది కూర్చుని లేచిన ఆ కుర్చీల ముందు కుందూ మీద ఎన్ని తీర్మానాలు పెట్టారు? ఎన్ని గంటలు చర్చించారు? మళ్లీ ఓటడిగే మనిషి ముందు ఇది చెప్పాలి.

2017 ఆగస్టు ఉప ఎన్నిక గుర్తుందా? మంత్రులు నంద్యాలలో మకాం వేశారు. రోడ్లు వెడల్పయ్యాయి. వీధి వీధికీ నాయకుడు, ఇంటింటికీ హామీ. ఊరు మారిపోయిందని ఊదరగొట్టారు. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే మన నది పేరు మురికి జాబితాకెక్కింది. రోడ్డు కంటికి కనిపిస్తుంది, ఓటు తెస్తుంది. మురుగు భూమి కింద పోతుంది, ఓటు తేదు. వీళ్ల పర్యావరణమంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తోంది.

ఇంకో లెక్క వేద్దాం. 2011 జనాభా లెక్కల్లో నంద్యాల పట్టణం రెండు లక్షలు. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది పట్టణాలకు పెట్టుకున్న కొలత. అంత నీళ్లు ఇస్తే రోజుకు 2 కోట్ల 70 లక్షల లీటర్లు. అందులో నూటికి 80 వంతులు మురుగై తిరిగొస్తుందని ఇంజనీర్లు లెక్కగడతారు. అంటే రెండు కోట్ల లీటర్ల పైమాట! 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసులు పెరిగాయి, అపార్టుమెంట్లు పెరిగాయి, ఆ లెక్కా పెరిగింది. అందులో ఎన్ని లీటర్లు శుద్ధి చేసి వదులుతున్నారు? ఎన్ని లీటర్లు మద్దిలేరులో, చామకాల్వలో పడి నేరుగా కుందూలోకి పోతున్నాయి? తన వార్డు మురుగు ఎక్కడ తేలుతుందో చెప్పలేని కౌన్సిలర్ పర్యావరణం పేరెత్తడానికి అర్హుడా?

మంచినీళ్లు వెలుగోడు నుంచి తెచ్చుకుంటాం. ఆ వెలుగోడు నిండాలంటే శ్రీశైలంలో 854 అడుగుల మట్టం నిలవాలని, పోతిరెడ్డిపాడు పారాలని ఏళ్ల తరబడి కొట్లాడుతున్నాం. 2016 మే 31న సిద్ధేశ్వరం అలుగుకు ప్రజలే శంకుస్థాపన చేసిన రోజు పోలీసులు అడ్డం నిలబడినా పొలాల్లో పడి నడిచిపోయిన సీమ జనం మనం. ఒక్కో టీఎంసీ కోసం ఇంత తన్నులాడుకునే ప్రాంతం, వచ్చిన నీళ్లను వాడుకుని కుళ్లబెట్టి దిగువ రైతు మీదికి తోలుతోంది. ఆ దిగువ ఎవరు? కోవెలకుంట్ల రైతు. ఆ తర్వాత కడప జిల్లా రైతు. కమలాపురం దగ్గర పెన్నలో కలిసేదాకా కుందూ ఒడ్డున ఉన్నదంతా మన సీమే. పరాయివాడు చేస్తే ద్రోహం, మనం చేస్తే అలవాటా?

వరదొచ్చినప్పుడు ఇదే కథ తిరగబడుతుంది. 2007 జూన్‌లో నంద్యాల మునిగింది. 2019 సెప్టెంబర్‌లో మహానంది గుళ్లోకి నీళ్లొచ్చాయి, నంద్యాల చుట్టుపక్కల ఊళ్లు మునిగాయి. వాగు దారిలో ఇల్లు లేస్తే ప్లాను చూసేది ఎవరు? పూడిక తీసే బాధ్యత ఎవరిది? బోటు మీద వచ్చి పులిహోర పొట్లాలు పంచిన ఫొటో కరపత్రంలో ఉంది. వాగు గట్టు మీద ఆక్రమణ తీయించిన ఫొటో ఒక్కటైనా ఉందా?

చెత్త మీద ఎన్ని ఎత్తులో

ఇక చెత్త. 2016లో కేంద్రం ఇచ్చిన ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంటి దగ్గరే వేరుచేయాలన్నాయి, బయట తగలబెట్టకూడదన్నాయి. 2021 అక్టోబర్ 2న క్లాప్ అని పేరుపెట్టి బండ్లు తోలారు, చెత్త పన్ను మోపారు. 2024 అక్టోబర్ 2న కొత్త ప్రభుత్వం ఆ పన్ను రద్దన్నది. 2025 జనవరి 18న ముఖ్యమంత్రి మన పక్కనున్న మైదుకూరుకొచ్చి స్వచ్ఛాంధ్ర అన్నారు, నెలకో శనివారం చీపురు పట్టమన్నారు. పన్ను వేసిందీ పైనే, తీసిందీ పైనే, చీపురు పట్టే వారం నిర్ణయించిందీ పైనే!

తలకు రోజుకు 350 గ్రాములనుకున్నా రెండు లక్షల మందికి 70 టన్నుల చెత్త. ఊరు దాటించి ఒక చోట పోస్తే అది మాయమవదు. ఇంకో పల్లె గాలిలో పొగై తేలుతుంది, ఇంకో రైతు బావిలో రసమై దిగుతుంది.

చేతకాక కాదు, చేయాలనుకోక. 2000ల మొదట్లో సూర్యాపేట మున్సిపాలిటీ వీధి కుండీలు తీసేసి, ఇంటి దగ్గరే తడి చెత్త, పొడి చెత్త వేరుచేయించి, ఎరువు తయారుచేసి చూపించింది. కేరళలో అలప్పుళ సంగతి మరీ ముచ్చట. పట్టణం చెత్త తమ ఊళ్లో పోయొద్దని సర్వోదయపురం జనం బండ్లను అడ్డుకున్నారు. గతిలేక 2012 నుంచి ఆ పట్టణం ఎక్కడి చెత్త అక్కడే ఎరువుగా, గ్యాసుగా మార్చుకోవడం నేర్చుకుంది. 2017లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం దాని పేరు ఎత్తి మెచ్చుకుంది. అక్కడ మార్పు తెచ్చింది కరపత్రం కాదు, అడ్డం నిలబడిన జనం.

ఆళ్లగడ్డ: శిల్పి ఊపిరి ఎవరికి పట్టింది?

ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కడ చెక్కిన దేవుళ్లు ఎక్కడెక్కడి గుళ్లలోనో పూజలందుకుంటున్నారు. చెక్కిన మనిషి మాత్రం రోడ్డు పక్క రేకుల కింద రాతి దుమ్ము పీలుస్తున్నాడు. ఉలితో కొట్టే రోజుల కంటే కోత మిషన్ వచ్చాక దుమ్ము పెరిగింది. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు, మందు లేదు. తడి కోత, దుమ్ము లాగే యంత్రం, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష... ఇవి కోరుతూ ఆళ్లగడ్డ కౌన్సిల్ ఏ రోజు తీర్మానం చేసింది? శిల్పుల సన్మాన సభకు శాలువా పట్టుకుని వచ్చేవాళ్లకు ఆ దగ్గు వినిపించదా?

2019లో ఆళ్లగడ్డ ప్రాంతంలో యురేనియం వెతకడానికి బోర్లు వేయబోతే పల్లె జనం అడ్డుకున్నారు. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు పక్క పల్లెల గోడు విన్నవాళ్లు కాబట్టి వాళ్లకు భయం తెలుసు. అదే ఏడాది సెప్టెంబర్ 16న నల్లమలలో యురేనియం తవ్వొద్దని తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. అడవికి ఆ పక్కనున్నవాళ్లు శాసనసభలో చెయ్యెత్తారు. ఈ పక్క మన నాయకులు పరామర్శించి పోయారు.

అధికారం లేదా? అడిగారా?

నిలదీస్తే కౌన్సిలర్ చెప్పే మాట మాకు తెలుసు. మా చేతిలో ఏముందన్నా, అంతా కమిషనర్ చేతిలోనే అంటాడు.

ఇందులో సగం నిజం ఉంది. 1993 జూన్ 1న అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 18 పనుల జాబితా రాసింది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం, పర్యావరణ రక్షణ, పార్కులు అన్నీ అందులో ఉన్నాయి. పని అప్పగించమని రాసింది గానీ పైవాళ్లు పెత్తనం వదల్లేదు. 2010 నుంచి 2014 దాకా, మళ్లీ 2019 నుంచి 2021 దాకా కౌన్సిళ్లే లేకుండా ప్రత్యేకాధికారులతో నడిపించారు. వార్డు కమిటీ తప్పనిసరి కావాలంటే జనాభా 3 లక్షలు దాటాలన్నది రాజ్యాంగం. నంద్యాలకు ఆ గడప అందదు, ఆళ్లగడ్డకు కనుచూపు మేరలో లేదు. 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక అర్జీ అక్కడికి, సంతకం కమిషనర్‌కు, డబ్బు రాజధాని నుంచి. మధ్యలో కౌన్సిలర్ ఉత్త కుర్చీ.

మరి మిగతా సగం? అధికారం లేదని ఏడ్చేవాళ్లు అధికారం కావాలని ఒక్క తీర్మానమైనా చేశారా? 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు నీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని ముడిపెట్టింది. ఆ డబ్బు ఏ కాల్వకు పోయిందో వార్డులో బోర్డు పెట్టి చెప్పడానికి ఏ అధికారం కావాలి? కాంట్రాక్టు బిల్లు దగ్గర గుర్తొచ్చే అధికారం కుందూ దగ్గర ఎందుకు మాయమవుతుంది?

ఈ మాట మన ఉద్యమానికీ చెప్పుకోవాలి. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమ అడుగుతున్నది మన బతుకు మీద నిర్ణయం మన చేతిలో ఉండాలనే. రేపు మన రాష్ట్రం మనకొచ్చి, కర్నూలులో సచివాలయం లేచి, నంద్యాల కాల్వ మీద సంతకం మాత్రం ఎక్కడో గదిలో కూర్చున్న అధికారిదే అయితే మనం మార్చుకున్నది ఊరి పేరు ఒక్కటే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వార్డులో లెక్క అడగలేనివాళ్లం రాష్ట్రం ఎట్లా నడుపుకుంటాం?

గడప దగ్గర అడగండి

విద్యార్థులారా, ఉద్యోగులారా, కరపత్రం చేతికిచ్చిన కౌన్సిలర్‌ను కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మర్యాదగా, ఒక్కటొక్కటిగా అడగండి:

- మన వార్డు మురుగు ఎక్కడ కలుస్తుంది? శుద్ధి అవుతుందా?
- కుందూ, మద్దిలేరు, చామకాల్వ మీద మీరు పెట్టిన తీర్మానం నంబరెంత, తేదీ ఏది?
- మన చెత్త ఏ పల్లె పక్కన పోస్తున్నారు? అందులో ఎరువైంది ఎంత?
- ఆర్థిక సంఘం డబ్బు మన వార్డుకు ఎంతొచ్చింది, దేనికి పోయింది?
- నాటిన మొక్కల్లో ఈరోజు బతికున్నవి ఎన్ని? చూపిస్తారా?
- తెల్లవారుజామున మన వీధి ఊడ్చే కార్మికులకు గ్లౌజులు, బూట్లు, నెలనెలా జీతం సరిగ్గా అందుతున్నాయా?

జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో కౌన్సిల్ తీర్మానాల నకళ్లు అడగండి. కాలేజీ పిల్లలు వార్డుకు ఇద్దరు పూనుకుంటే నంద్యాల, ఆళ్లగడ్డ రెండు ఊళ్ల లెక్కలూ బయటికొస్తాయి. వచ్చినవి మాకు పంపండి. ఏ పార్టీ వాళ్లవైనా దాచకుండా అచ్చు వేస్తాం. మంచి పని చేసిన కౌన్సిలర్ ఉంటే ఆ పేరు ముందు వేస్తాం.

తీర్మానం చూపినవాడికి ఓటేయండి. ఫొటో చూపినవాడికి దండం పెట్టి పంపండి!