అన్నమే దవా, అదీ కడుపు నిండా

మన ఇళ్ళలో సలాం తర్వాత వచ్చే మొదటి మాట "ఖానా హోగయా?" అనే. తినలేదంటే ఎవర్నీ ఊరికే పోనివ్వం. కానీ ఇంట్లో బియ్యం, పప్పు, గోష్త్ అన్నీ ఉండి కూడా ఒక బిడ్డ తినలేకపోతే, దాన్ని బీమారీ అని ఒప్పుకోవడానికి మాత్రం మనకు నోరు రాదు. నఖరాలు అంటాం. నజర్ తగిలిందంటాం. తావీజు కట్టిస్తాం. డాక్టర్లు దీన్ని అనొరెక్సియా నర్వోసా అంటారు. ఈ పేరు ఇన్‌స్టాగ్రామ్ జమానాలో పుట్టింది కాదు. 1870లలోనే లండన్ డాక్టర్ విలియం గల్ పెట్టాడు. 1990లలో మద్రాసు మెడికల్ విద్యార్థుల్ని పరిశీలించిన సైకియాట్రిస్టులు తిండి చుట్టూ తిరిగే ఈ తక్లీఫ్ మన పిల్లల్లోనూ ఉందని రాశారు. కాబట్టి ఇది గోరోళ్ళ జబ్బు, మనకెందుకొస్తుంది అనే మాట మానేద్దాం.

మాది చిలమకూరు. సిమెంటు ఫ్యాక్టరీ, నాపరాళ్ళ గనులు, ఎర్రగుంట్ల రైల్వే స్టేషన్, పెద్ద పనుంటే ప్రొద్దుటూరు. ఒళ్ళు వంచి పని చేసేవాళ్ళ ఊరు. ఇట్లాంటి చోట తిండికి భయపడే పిల్ల ఉంటుందా అంటే, ఉంది. నా చెల్లెలి కూతురే. ఇజాజత్ ఇచ్చింది కాబట్టి రాస్తున్నా, పేరు రాయను. ఇంటర్ హాస్టల్లో మొదలైంది. మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు చుట్టాలంతా "ఎంత నాజూగ్గా అయినావే, ఇప్పుడు మంచి రిష్తా వస్తాది" అన్నారు. ఆ మాట ఆ పిల్లకు ఇనాం లాగా తగిలింది. ఇంకా తగ్గింది. నెలసరి ఆగిపోయింది, జుట్టు రాలింది, మే నెల ఎండలో చేతులు చల్లగా ఉండేవి. మొదట చూపించిన ఒక డాక్టరు రక్తం తక్కువ అని టానిక్ రాసిచ్చి, నికాహ్ అయితే అన్నీ సర్దుకుంటాయని పంపేశాడు. సైకియాట్రిస్టు దగ్గరికి చేరేసరికి ఏడాది గడిచిపోయింది.

ఇలాజ్ మొదలయ్యాక అసలు కష్టం ఏమిటో తెలుస్తుంది. తినడం మొదలు పెట్టినంత మాత్రాన చాలదు. తగినంత తినాలి, రోజూ తినాలి, నెలల తరబడి తినాలి. ఇంట్లో వాళ్ళు ఇక్కడే మోసపోతారు. రెండు ఇడ్లీలు తిన్నదంటే "అల్‌హందులిల్లాహ్, తింటాంది" అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ రెండు ఇడ్లీలు ఉన్నదాన్ని నిలబెట్టడానికే చాలవు. పోయింది ఎట్లా తిరిగొస్తుంది?

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష చేశాడు. యుద్ధంలో తుపాకీ పట్టమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తమంతట తామే అందులో చేరారు. 24 వారాలు వాళ్ళకు సగం కడుపు తిండి పెట్టారు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. పోయింది బరువే అయితే బాగుండేది. మనసంతా తిండే అయిపోయింది. వంటల పుస్తకాలు చదివేవాళ్ళు, పెట్టిన కాస్త తిండినే చాలాసేపు సాగదీసి తినేవాళ్ళు, చీటికిమాటికి కోపం, ఏడుపు. వీళ్ళకు సన్నబడాలనే ఖ్వాహిష్ లేదు, మానసిక జబ్బు లేదు. ఆకలి ఒక్కటే ఆ హాల్ చేసింది. మళ్ళీ తిండి ఇచ్చినప్పుడు మామూలు మనిషి భోజనంతో వాళ్ళు కోలుకోలేదు. కొన్ని నెలల పాటు రోజుకు 4000 కాలరీల దాకా కావాలని కీస్ తేల్చాడు. మా పిల్ల సైకియాట్రిస్టు ఈ సంగతి చెప్పినప్పుడు మా చెల్లెలి ముఖం తెల్లబోయింది. తన బిడ్డకు తను తినేదానికన్నా ఎక్కువ పెట్టాలా!

మన సీమవాళ్ళకు ఈ హిసాబ్ కొత్తది కాకూడదు. 1876-78 కరువులో కడప జిల్లా ఎట్లా ఎండిపోయిందో ముసలివాళ్ళు తమ ముసలివాళ్ళ నుంచి విన్నారు. అప్పుడు కరువు పనుల్లో రాళ్ళు మోసే మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, చాలని రిచర్డ్ టెంపుల్ అనే దొర లెక్క కట్టాడు. చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదురు రాశాడు. చిక్కిపోయిన ఒంటికి గింజలతో పాటు పప్పు కూడా కావాలన్నాడు. చివరికి సర్కారు పెంచక తప్పలేదు. ఆ దొర లెక్క ఈరోజు మన వంటింట్లోనే తిరుగుతోంది. "ఆడపిల్లకు అంత ఎందుకు, చాల్లే" అన్న ప్రతిచోటా అది టెంపుల్ లెక్కే.

అయితే ఒక హెచ్చరిక. బాగా చిక్కిపోయిన బిడ్డకు, కొన్నాళ్ళుగా దాదాపు ఏమీ తినని బిడ్డకు, ఒక్కసారిగా బగారా ఖానా వడ్డించకండి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఆకలికి శల్యమైన ఖైదీలు తిండి దొరికాకే కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎండిపోయిన ఒంట్లోకి పిండిపదార్థం ఒక్కసారి వచ్చి పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే మొదటి రోజులు రక్తపరీక్షలతో, డాక్టర్ నిఘాలో, అవసరమైతే ఆసుపత్రిలోనే జరగాలి. ఆ గడప దాటాక పెంచుకుంటూ పోవాలి. చాలామందికి వారానికి అర కిలో పెరిగినా మంచి దారిలో ఉన్నట్టే. మూడు పూటలా భోజనం, మధ్యలో మూడుసార్లు నాస్తా.

కడుపు ఉబ్బుతుంది. ఆకలికి అలవాటు పడిన కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి నాలుగు ముద్దలకే "నక్కో అమ్మీ, పేట్ ఫూల్ గయా" అంటుంది. అది బహానా కాదు, నిజమే. కాళ్ళకు నీరు రావొచ్చు, అది డాక్టరుకు చెప్పండి. వచ్చిన బరువు మొదట పొట్ట దగ్గరే చేరినట్టు కనిపిస్తుంది, నెలలు గడిచేకొద్దీ ఒళ్ళంతా సర్దుకుంటుంది. ఇవి ముందే చెప్పకపోతే ఆ పిల్ల అద్దం చూసుకుని మళ్ళీ మొదటికొస్తుంది.

ఏం పెట్టాలి? దుకాణంలో డబ్బా పొడి కొనక్కర్లేదు. మన వంటింట్లోనే ఉంది. రాగిసంకటి మంచిదే గానీ ఉత్త సంకటి కడుపును త్వరగా నింపేస్తుంది. చిన్న ముద్ద పెట్టి దాని మీద నెయ్యి, పక్కన చెనిక్కాయల ఊరుబిండి, గుడ్డు. ఖిచిడీ-ఖీమా, దాల్చా, పెరుగన్నం, ఖర్జూరం, చిక్కటి పాలతో ఖీర్. తక్కువ జాగాలో ఎక్కువ బలం ఉండేవి. అందరి ఇళ్ళలో రోజూ గోష్త్ రాదు, తెలుసు. చెనిక్కాయలూ నూనే మన సీమలో ఇంకా అందుబాటులోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం వద్దు. ఆమెకు తెలియకుండా పప్పులో నెయ్యి కలపకండి. ఒక్కసారి పట్టుబడితే మీరు వండిన ఏ గిన్నె మీదా ఆమెకు భరోసా ఉండదు.

లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో ఒక పద్ధతి తయారైంది. ఈ జబ్బున్న పిల్లలకు కొన్నాళ్ళు ఏం తినాలి, ఎంత తినాలి అనే ఇఖ్తియార్ అమ్మానాన్నల చేతికి ఇస్తారు. వాళ్ళే వడ్డిస్తారు, పక్కన కూర్చుంటారు, అయిపోయేదాకా లేవరు. అరవరు, బతిమాలరు. "ఇది నీ దవా, తాగేసినట్టే తినేయ్" అన్నంత మామూలుగా. ఇది మనకు బాగా కుదరాలి, మనవి కలిసుండే ఇళ్ళు కదా అనుకుంటాం. కానీ మన రివాజు చూడండి. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు ఆఖర్న, అదీ వంటింట్లో నిలబడి. ఆఖర్న తినే పిల్ల ఏం తిన్నదో ఎవరికి తెలుసు? "నేను తర్వాత తింటా" అనే మాట మన ఇళ్ళలో అణకువగా చెల్లుతుంది, ఈ జబ్బు దాని వెనకే దాక్కుంటుంది. మా బావ మూడు నెలలు షిఫ్టు మార్పించుకుని రాత్రి భోజనానికి బిడ్డ ఎదురుగా కూర్చున్నాడు. మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద మార్పు అదే అని నా రాయ్.

కాస్త తేరుకున్నాక చూసినవాళ్ళు "మాషాఅల్లాహ్, ఒళ్ళు పట్టినావే" అంటారు. నియ్యత్ మంచిదే, కానీ ఆ పిల్ల చెవికి అది "మోటీ" అనే వినిపిస్తుంది. చదువు గురించి అడగండి, దుపట్టా బాగుందనండి, బరువు ఊసెత్తకండి. తూకం డాక్టర్ దగ్గరే, ఇంట్లో మెషిన్ వద్దు. మగపిల్లల్లోనూ ఇది ఉంటుంది, జిమ్ పేరుతో అన్నం మానేసే వాడి మీద కూడా ఒక కన్నేయండి.

ఇప్పుడు రమజాన్ మాట. నేను ఇదంతా రాయడానికి అసలు వజహ్ ఇదే. కోలుకుంటున్న బిడ్డ "నేనూ రోజా ఉంటా" అంటుంది. ఇంట్లో అందరికీ ఖుషీ, గర్వం. ఎవరు కాదంటారు? నేను కాదంటాను. సూరా బఖరాలోని 184, 185 ఆయతుల్లో మరీజ్‌కు రోజా నుంచి మినహాయింపు ఉంది, కోలుకున్నాక ఖజా ఉంది, కోలుకునే ఆశ లేనివాళ్ళకు ఫిద్యా ఉందని ఉలమా చెబుతారు. షుగర్ ఉన్న నానీకి చెల్లే ఆ రుఖ్సత్ ఈ పిల్లకు ఎందుకు చెల్లదు? కనిపించని బీమారీ బీమారీ కాదా? అబూ దర్దా రజియల్లాహు అన్హు పగలంతా నఫిల్ రోజాలు, రాత్రంతా నమాజులు చేస్తుంటే, సల్మాన్ ఫార్సీ రజియల్లాహు అన్హు ఆయనను కూర్చోబెట్టి తినిపించారు, నీ నఫ్స్‌కు కూడా నీ మీద హక్ ఉందని చెప్పారు. హుజూర్ ఆ మాట నిజమన్నారు. ఇది బుఖారీలో ఉంది. సెహ్రీ, ఇఫ్తార్ రెండు పూటల్లో ఈ బిడ్డకు కావలసినంత పట్టదు. నెలల కష్టం ఒక్క నెలలో పోతుంది. ఆ పిల్ల నియ్యత్‌ను నేను శంకించను, కానీ ఈ బీమారీ ఇబాదత్ బట్టలు తొడుక్కుని కూడా వస్తుంది. మీ డాక్టర్ని అడగండి, ఆయన చెప్పింది మీ ఆలిమ్ ముందు పెట్టండి.

ఎక్కడికి పోవాలో తెలియనివాళ్ళకు 14416 ఉంది. టెలి మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఇంకా కష్టమైతే బెంగళూరు నిమ్‌హాన్స్ మన కడప జిల్లాకు మరీ దూరమేం కాదు.

రమజాన్ పగటిపూట ఆ బిడ్డ ఒక్కతే మూల కూర్చుని దొంగలా తినాల్సి వస్తే తినదు. మా ఇంట్లో షుగర్ మాత్రలు వేసుకునే నానీ ఉంది, ఆమెకూ రోజా లేదు. జొహర్ నమాజు తర్వాత ఆ ఇద్దరికీ ఒకే దస్తర్‌ఖాన్ పరుస్తాం. ఉపవాసంలో ఉన్న మా చెల్లెలే వడ్డిస్తుంది. వంటింటి తలుపు మూయం.