ఎడారికి వెళ్ళే పెద్దవాళ్ళకి ఒక మాట



పోయిన ఆదివారం మన నెలవారీ కూటంలో ఒక సంగతి మాటల్లో వచ్చింది. ఈ డిసెంబరులో మనలో కొన్ని కుటుంబాల పెద్దవాళ్ళు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తున్నారు. అందులో ఇద్దరి పిల్లలు క్రిస్మస్ సెలవుల్లో ట్రక్కులో ఎడారికి తీసుకెళ్ళి, రెండు మూడు రాత్రులు ఆ ట్రక్కులోనే పడుకోబెడతామన్నారట. దాని మీద మూడు అభిప్రాయాలు వినిపించాయి. "ఎడారే కదా, చలేముంటుంది? రెండు పంచెలు, ఒక దుప్పటి చాలు" అన్నారు ఒకరు. "ఈ వయసులో ఇదంతా ఎందుకు? మనవడితో ఆడుకుంటూ ఇంట్లో కూర్చోక" అన్నారు ఇంకొకరు. "మనకేం బెంగ? అన్నీ పిల్లలే చూసుకుంటారు" అన్నారు మూడోవారు.

అప్పుడు నేనేమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మనసు ఊరుకోలేదు. మూడు మాటలూ తప్పేనని నా అభిప్రాయం. అందులో మూడోది పెద్ద తప్పు. ఆ తప్పు నేనూ మా ఇంటావిడా చేసి వచ్చాం కాబట్టి, సిగ్గుపడకుండా ఇక్కడ రాస్తున్నాను. తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

అక్కడ వాళ్ళు ట్రక్కు అనేది మన లారీ కాదు. ముందు నలుగురైదుగురు కూర్చునే కారు లాంటి భాగం, వెనక సామాను వేసుకునే తొట్టి. మన వీధిలో తిరిగే టాటా ఏస్‌ని బాగా పెంచి బలిపించినట్టు ఉంటుంది. ఆ తొట్టి మీద కిటికీలున్న గట్టి మూత బిగించి, లోపల పలక వేసి, పరుపు పరిచి పడుకుంటారు. మా అబ్బాయి మూడేళ్ళ కిందట మమ్మల్ని అలాగే తీసుకెళ్ళాడు. మేమిద్దరం ట్రక్కులో, వాడూ కోడలూ పక్కన గుడారంలో.

వెళ్ళింది జాషువా ట్రీ నేషనల్ పార్కు. లాస్ ఏంజెలెస్‌కి తూర్పున సుమారు 225 కిలోమీటర్లు. మొహావీ ఎడారి, కొలరాడో ఎడారి అని రెండు ఎడారులు కలిసే చోటు. తాటిచెట్టుకి పది చేతులు మొలిచినట్టు ఉండే చెట్ల పేరే ఆ పార్కుకి పెట్టారు. మేము దిగిన జంబో రాక్స్ అనే చోటు దాదాపు 1,340 మీటర్ల ఎత్తులో ఉంది. మన ఏర్కాడు కంటే కొంచెం తక్కువ ఎత్తు. ఎడారి అనగానే మన కళ్ళకి బల్లపరుపు ఇసుకే కనిపిస్తుంది గానీ, ఇది బండరాళ్ళ కొండ మీది ఎడారి.

ఇప్పుడు మొదటి మాటకి వస్తాను. ఎడారంటే ఎండ అని మన బుర్రలో నాటుకుపోయింది. అదే కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ అనే లోయ ఉంది. ప్రపంచంలోనే అతి ఎక్కువ వేడిగా లెక్కకెక్కిన 56.7 డిగ్రీలు అక్కడ 1913 జూలైలో నమోదైంది. అక్కడే, అదే 1913 జనవరిలో, సున్నాకి 9 డిగ్రీల దిగువకి పోయింది. ఒకే చోటు, ఒకే ఏడాది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మన ఊళ్ళో గాలిలో తేమ ఉంటుంది, మబ్బు ఉంటుంది, పగటి వేడిని రాత్రి దుప్పటిలాగా పట్టి ఉంచుతాయి. ఎడారిలో ఆ దుప్పటి లేదు. పొద్దు వాలగానే నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. తిరుచ్చిలో మార్గళి చలి అంటే 20 డిగ్రీలు. దానికే మనం మంకీ క్యాప్ తీస్తాం.

ఆ సాయంత్రం ట్రక్కు ముందు భాగంలో వెలిగే అంకె చూశాను. 25 అని ఉంది. పరవాలేదే, మన ఊరి లాగే ఉందనుకున్నాను. అది ఫారెన్‌హీట్ అని కోడలు చెప్పింది. మన లెక్కలో మైనస్ 4. దీని తోడు ఇంకోటి, డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, మళ్ళీ తెల్లవారేది ఆరున్నర దాటాక. పద్నాలుగు గంటల రాత్రి. వయసు పిల్లలకి అది నిద్ర. మనకి అది నాలుగుసార్లు లేచే రాత్రి.

చలి విషయంలో మా అవ్వ చెప్పినదే అక్కడా పనికొచ్చింది. చిన్నప్పుడు కులదేవత గుడికి ఎద్దులబండి కట్టుకుని వెళ్ళేవాళ్ళం, రాత్రి బండి కిందే పడక. అవ్వ ముందు జానెడు మందం వరిగడ్డి పరిపించేది. "పైన ఎన్ని కప్పుకున్నా కింద నేల లాగేస్తుందిరా" అనేది. ట్రక్కు తొట్టి ఇనుము, నేల కంటే ఎక్కువే లాగుతుంది. అందుకని దుప్పట్ల మీద పెట్టే డబ్బు కింద వేసే మందపాటి పరుపు మీద పెట్టండి. ఒంటికి నూలు బట్ట వద్దు, చెమట పట్టి తడిస్తే చలిని ఒంటికి అంటిస్తుంది. ఉన్ని మేలు. పంచె బ్యాగులోనే ఉండనీయండి.

ఇవన్నీ మా అబ్బాయి చక్కగా చూసుకున్నాడు, ఆ మాట నేను చెప్పాలి. ఆ చోట మంచినీళ్ళు లేవు, పార్కులో పెట్రోలు బంకు లేదు, ఫోను సిగ్నలు అందదు. వాడు తలకి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన నీళ్ళు తెచ్చాడు. దారిలో ట్యాంకు నింపాడు, స్పేర్ టైరులో గాలి చూశాడు. పార్కులో ఎండుకట్టె కూడా ఏరకూడదని కట్టెలు కొనుక్కొచ్చాడు. ఎక్కడ దిగుతామో, ఎప్పటికి తిరిగొస్తామో స్నేహితుడికి రాసిచ్చాడు. రైల్వేలో గార్డు లైన్ బాక్సు మీకు తెలిసే ఉంటుంది. జెండాలు, దీపం, పట్టాల మీద పెట్టే పటాసులు అందులో ఉండేవి. ఆ పటాసు ఒక్కటైనా వాడే అవసరం రాకుండా రిటైరైన గార్డుల్ని నేను చూశాను. అయినా ఆ పెట్టె లేకుండా డ్యూటీకి ఎక్కిన గార్డుని చూడలేదు. మావాడు సామాను సర్దిన తీరు చూసి నాకు ఆ పెట్టె గుర్తొచ్చింది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? మా దగ్గర.

మా ఇంటావిడకి షుగరు ఉందని అబ్బాయికి తెలుసు. మాత్రలు పోయి ఇన్సులిన్ సూది వచ్చి మూడు నెలలైందని తెలియదు. "దూరాన ఉన్నవాడు, భయపడతాడు" అని ఆవిడ చెప్పనివ్వలేదు. కోడలి ముందు సూది వేసుకోవడానికి మొహమాటం కూడా. ఇన్సులిన్ పెన్నుని చిన్న సంచిలో చుట్టి, ఎవరి కంటా పడకుండా ట్రక్కు వెనక వైపు ఇనుప పెట్టెలో పెట్టింది. నా సంగతీ అంతే. బీపీకి వేసుకునే నీటి మాత్ర వల్ల రాత్రి లేవాల్సి వస్తుంది. చెబితే చిన్నతనమని, ఆ రోజు మధ్యాహ్నం నుంచీ నీళ్ళు తాగడమే మానేశాను. ఎండాకాలం కాదు కదా, దాహం ఎక్కడ వేస్తుందిలే అనుకున్నాను. ఎడారి గాలి చలికాలంలోనూ ఒంట్లో నీటిని పీల్చేస్తుంది, మనకి తెలియకుండా. తెల్లవారుజామున లేచి నిలబడితే తల తిరిగి ట్రక్కు అంచు పట్టుకున్నాను.

పొద్దున ఆవిడ సంచి తీసింది. పెన్నులో మందు గడ్డకట్టి ఉంది. కాసేపు ఎండలో పెడితే కరిగిపోతుంది అంది. నేనూ సరే అనబోయాను. ఆవిడ చేతిలోది కోడలు చూసింది. సంచిలోని మందు కాగితం విప్పి చదివింది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు, పారేయాలి అని ఉంది. ఎండకి చెడుతుందని మనకందరికీ తెలుసు. మన ఊళ్ళో చలికి చెడే అవకాశమే లేదు కాబట్టి ఆ రెండో సగం మనకెవరికీ తెలియదు.

వేరే పెన్నులు ఇంటి ఫ్రిజ్‌లో ఉన్నాయి. కాఫీ కూడా తాగకుండా సామాను ఎత్తి ట్రక్కులో వేసి బయలుదేరాం. మూడు రాత్రులనుకున్నది ఒక రాత్రితో ముగిసింది. ఇంటికి చేరేసరికి షుగరు మూడు వందలు దాటింది. సాయంత్రానికి దారికొచ్చింది, దేవుడి దయ. దారిలో అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాటే అన్నాడు. "నాన్నా, టైరులో గాలి దాకా చూసుకున్నాను. అమ్మ సంగతొక్కటే నాకు తెలియకపోయింది."

వాడు తిట్టి ఉంటే బాగుండేది.

నేను ముప్పై ఏళ్ళకి పైగా రైల్వే పార్సిల్ ఆఫీసుల్లో పని చేశాను. మూట తెచ్చినవాళ్ళు ముందు ఫార్వర్డింగ్ నోట్ నింపాలి. లోపల ఏముందో రాసి సంతకం పెట్టాలి. లోపలున్నది ఏమిటో తెలియకపోతే దాన్ని ఎక్కడ పెట్టాలో, ఏ మూట పక్కన పెట్టకూడదో మాకు తెలియదు. రాయని మూటని నేను ఎన్నిసార్లు వెనక్కి పంపానో లెక్కలేదు. అలాంటివాణ్ణి, నా విషయంలో మాత్రం నోరు కట్టేసుకుని ట్రక్కెక్కాను.

అందుకే "పిల్లలు చూసుకుంటారు" అనే మాట పెద్ద తప్పంటున్నాను. తెలిసినదాన్నే వాళ్ళు చూసుకోగలరు. మనం దాచినదాన్ని ఎవరు చూసుకుంటారు? ఇంట్లో దాస్తే ఏదో గడిచిపోతుంది. వీధి చివర మందుల షాపు ఉంది, ఆటో ఉంది, పక్కింటివాళ్ళు ఉన్నారు. సిగ్నలు లేని చోట, పద్నాలుగు గంటల చీకట్లో, దాచిన జబ్బు మనతో పాటు వాళ్ళనీ ఇరకాటంలో పెడుతుంది. మన తమిళనాట వైద్య శిబిరాల పథకానికి "వరుమున్ కాప్పోం" అని పేరు పెట్టారు, వచ్చేముందే కాచుకుందాం అని. కాచుకోవడం అంటే ముందు నోరు తెరవడం.

వెళ్ళేవాళ్ళు బయలుదేరే ముందు పిల్లలతో కూర్చుని ఈ సంగతులు చెప్పేయండి. వేసుకునే మాత్రలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక కాపీ వాళ్ళకివ్వండి. ఇన్సులిన్ ఉంటే రాత్రి ఒంటికి దగ్గరగా, పడక లోపల పెట్టుకుంటానని చెప్పండి. అదనపు పెన్ను ఒకటి వెంట తీసుకెళ్ళండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తారో దాచకుండా చెప్పండి. తలకి కట్టుకునే దీపం, మూత గట్టిగా ఉన్న వెడల్పు మూతి సీసా ఒకటి పక్కన ఉంటే, చీకట్లో బండరాళ్ళ మధ్య నడిచే పని తప్పుతుంది. నవ్వకండి, కాలు విరిగితే నవ్వు రాదు. మోకాలు నొప్పి ఉంటే ట్రక్కు వెనక ఎక్కడానికి చిన్న మెట్టు పెట్టమనండి. నీళ్ళు మాత్రం తగ్గించకండి.

ఇంకో హెచ్చరిక. మన ఇళ్ళల్లో బాలింత గదిలో కుంపటి పెట్టిన అలవాటుంది. ట్రక్కు లోపల కుంపటి గానీ స్టవ్వు గానీ ఎంత చలేసినా వెలిగించనివ్వకండి. మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ వేలెడు సందు తెరిచే ఉంచాలి. లేకపోతే మన ఊపిరి తడి కూడా గోడలకి పట్టి పడక మీద కారుతుంది. వంటకి చిన్న డబ్బా గ్యాసు తెస్తే, అందులో ఉన్నది బ్యూటేనా అని అడగండి. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాదు, స్టవ్వు వెలగదు. ప్రొపేన్ అయితే వెలుగుతుంది. పొద్దుటి కాఫీకి నీళ్ళు రాత్రే గిన్నెలో పోసి పెట్టుకోండి. సీసాలో నీళ్ళు గడ్డకడితే బయటికి రావు, గిన్నెలో ఐతే గిన్నెనే పొయ్యి మీద పెట్టొచ్చు.

చివరికి రెండో మాట, ఈ వయసులో ఎందుకని. మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళాం. ఈసారి మా ఇంటావిడ పెన్ను ఆవిడ మెడలో వేలాడే చిన్న ఉన్ని సంచిలో ఉంది. ఆ సంచి కోడలు అల్లింది. తెల్లవారుజామున మూడింటికి నేను ట్రక్కు దిగితే, అబ్బాయి గుడారంలోంచి "నాన్నా, లైటు వేసుకున్నావా?" అని అడిగాడు. వేసుకున్నానన్నాను. మళ్ళీ ఆర్పి కాసేపు అక్కడే నిలబడ్డాను. అన్ని నక్షత్రాలు నేను చిన్నప్పుడు ఆ ఎద్దులబండి కింద పడుకున్నప్పుడు చూశాను, ఆ తర్వాత చూడలేదు. ఇంట్లో కూర్చుని ఉంటే చూసేవాణ్ణి కాదు.

కాబట్టి వెళ్ళండి. చెప్పి వెళ్ళండి. వచ్చే కూటానికి ఒక పేజీ కాగితం తయారుచేసి తెస్తాను, మాత్రలు, జబ్బులు, రాత్రి అవసరాలు, ఫోను నంబర్లు రాయడానికి గళ్ళు కొట్టి. మా పార్సిల్ ఆఫీసు ఫార్వర్డింగ్ నోట్ లాగే ఉంటుంది. నింపి పిల్లలకి వాట్సాప్‌లో పంపేయండి. ఎదురుగా చెప్పడానికి మొహమాటపడేవాళ్ళకి అదే సులువు.